అతుకు వేసిన గ్లౌజులు

మా ఆయన ఒక పెద్ద లాండ్రీలో స్టోరు ఇన్‌చార్జి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు గుట్టలుగా వచ్చిపడే ఆ చోట సబ్బు, బట్టల సోడా, గ్లౌజులు అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళాలి. ఇంట్లో పిసినారి కాదు సుమండీ. అడిగినవాళ్ళకు లేదనరు, అదో తలనొప్పి నాకు. యజమాని సొమ్ము దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం విలవిల్లాడుతుంది. "అది దేవుడు నాకు అప్పగించిన సొమ్మే. రేపు ఆయన అడిగితే ఏం చెప్పను?" అంటారు. వాడేసిన కవర్లు తిరగేసి అతికిస్తారు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు అన్నం సయించదు.

గ్లౌజుల సంగతి మరీ విడ్డూరం. చిల్లు పడ్డాయని ఎవరైనా తెస్తే, అందరి ముందూ వాటిలోకి గాలి ఊది, చెంప దగ్గర పెట్టుకుని చిల్లెక్కడుందో పట్టేవారు. ఆ పైన సైకిలు ట్యూబుకు వేసే అతుకు వేసి, "ఇంకొన్నాళ్ళు లాగించెయ్" అని తిరిగిచ్చేవారు. వెనకాల అందరూ ఆయన్ని 'పంచరు సారు' అనేవారు. నేనూ ఇంట్లో అలాగే ఏడిపించేదాన్ని.

స్టోరు ఖర్చు బాగా తగ్గిందని యజమాని ఓసారి అందరిలో భుజం తట్టారు. ఆ ఆదివారం ఈయన చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు, ఆఫీసు పని కూడా ఆరాధనేనని. నేను మెడ నిక్కించుకుని కూర్చున్నాను. నా పక్కన, ఆ లాండ్రీలోనే బట్టలుతికే అక్క ఉంది. చేతులు రెండూ శాలువా కింద దాచుకుంది. చలేమో అనుకున్నాను. నా కళ్ళకేం రోగం వచ్చిందో!

మర్నాడు ఆమె పనికి రాలేదు. వేడి సోడా నీళ్ళకు అతుకు జిగురు ఊడి, ఆ నీళ్ళు గ్లౌజుల్లోకి దిగి, అరచేతుల తోలు లేచిపోయిందని తోటి పనామె చెప్పింది.

ఇద్దరం పరుగున వెళ్ళాం. ఆయన్ని చూడగానే ఆమె కట్లు కట్టిన చేతులతోనే లేచి నిలబడింది. "ఆ గ్లౌజులు తీసుకురావే" అని కూతుర్ని కేకేసింది. "పారెయ్యలేదు బ్రదర్. కడిగించి ఆరబెట్టాను."

 ఆయన ఆ కట్ల వంకే చూస్తూ అడిగారు. "కొత్తవి ఇమ్మని అడగొచ్చు కదమ్మా?"

"అడిగాను కదా. అతుకేసిచ్చారు. మళ్ళీ అడగాలంటే సిగ్గేసింది. దేవుడి సొమ్మంటారు మీరు, నాకోసం దుబారా ఎందుకులే అనుకున్నాను."

 ఆయన ఇంటికొచ్చి కూలబడ్డారు. "దొంగతనం చేసినా ఇంత సిగ్గుండేది కాదే. సొమ్మొక్కటే నాకు అప్పగించాడనుకున్నాను. ఆ చేతులు కూడా అప్పగించాడు కదా!"

ఓదార్చాలనిపించలేదు నాకు. ఒళ్ళు మండిపోయింది, ఆయన మీదా, 'పంచరు సారు' అని ఏడిపించిన నా మీదా.

యజమాని ఈయన్ని పిలిపించి, "ఆమె గ్లౌజులు వేసుకోలేదని చెప్పెయ్యి. లేకపోతే వైద్యమంతా మన నెత్తిన పడుతుంది. కంపెనీ సొమ్ము కాపాడటం నీకు నేను చెప్పాలా?" అన్నారట.

"వేసుకుందండీ. చిల్లుందని తెలిసి ఇచ్చింది నేనే" అన్నారట ఈయన.

వైద్యం ఖర్చు కంపెనీయే పెట్టుకోవలసి వచ్చింది. ఈయన్ని స్టోరు నుంచి తీసేసి, గేటు దగ్గర మూటలు దింపించుకునే పనిలో వేశారు. జీతమూ తగ్గింది. "నాకు తగిన శాస్తే" అన్నారు ఈయన. దాంతోనైనా గుండె బరువు దిగుతుందని ఆశపడ్డట్టున్నారు. దిగలేదు పాపం.

చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. చేసిన తప్పు మనసులో మెదులుతుంటే అది ముట్టడానికి భయపడతాం మేము. పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెలు వరుసగా అందిస్తున్నారు. అక్క వేళ్ళు ఇంకా వంగడం లేదు. కూతురు గిన్నె తీసి తల్లి పెదాలకు ఆనించింది. మా ఆయన అటే చూస్తున్నారు. పళ్ళెం తన దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

అక్క అది చూసింది. "తీసుకోండి బ్రదర్" అంది మెల్లగా. "నా మనసులో ఏమీ లేదు."

ఆయన తల అడ్డంగా ఊపి, పళ్ళేన్ని పక్కాయనకు అందించి, అందరిలోనూ వెక్కివెక్కి ఏడ్చారు.