తుపాకి కన్నాలు ఎటు చూస్తాయి?

మొన్న చిట్యాల దగ్గర ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలుకు నాలుగు మూలలా నాలుగు బురుజులు. “తెలంగాణ గడి అంటే ఇదీ అవ్వా, మన సంస్కృతి!” అని మనవరాలు మురిసిపోయింది. కొత్త సున్నం వాసన ముక్కుకు తగలగానే నాకు మా ఊరి దొర ఉండే గడి గుర్తొచ్చింది. గడి వెంట లచ్చవ్వ కూడా. అక్షింతలు చేతిలో ఉండగానే, ఆ బురుజుల కన్నాలు ఎటున్నాయా అని వెతకడం మొదలుపెట్టాను.

లచ్చవ్వది కేతేపల్లి దగ్గర మా అత్తగారింటి పక్క ఇల్లు. గొర్రెలు కాసేది. ఎవరి మాటకూ తలొంచని మనిషి. నేను చంటిపిల్లతో ఉన్న ఆ రోజుల్లో, నిజాం రజాకార్లు వస్తున్నారంటూ ఊరంతా వణికిపోతోంది. దొర గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. అబ్బో, ఏం గడి అది! ఏనుగు పట్టే దర్వాజా, తలెత్తి చూస్తే మెడ నొప్పిపుట్టే బురుజులు. వెట్టికి రాళ్లు మోసినవాళ్లు కూడా “మాది పెద్ద గడి ఉన్న ఊరు” అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఊరివాళ్లు ఎప్పుడో బందిపోట్ల కాలంలో కట్టుకున్న మట్టి బురుజు మాత్రం పొలిమేరలో సగం కూలి, మేకలెక్కే దిబ్బలా పడి ఉండేది.

ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కడ దాచాలని పంచాయితీ పడింది. “తాళం పలగ్గొట్టి గడిల జొర్రుదాం. గంత రాతిగోడ ఉండంగ ఇంక ఫికరెందుకు?” అంది మా అత్త. అందరితోపాటు నేనూ తలూపాను.

లచ్చవ్వ అడ్డం నిలబడింది. “గా గోడల తుపాకి కన్నాలు ఎటున్నయో ఎన్నడన్న సూసిండ్రా? అన్నీ మన ఇండ్ల దిక్కే. బాట దిక్కు ఒక్కటన్న లేదు. గది దొర మనకు భయపడి కట్టుకున్న కోట. మనల్నేం కాపాడ్తది?”

“మరి నీ మట్టిదిబ్బ కాపాడ్తదా?” అని అత్త వెక్కిరించింది.

“ఎక్కి సూడు. మనకు ఈపు జేసి, పొలిమేర దిక్కు సూస్తది.”

రోజూ ఆ గడి ముందునుంచే నీళ్లకు పోయేదాన్ని. ఆ కన్నాలు నన్నే చూస్తున్నాయని ఒక్కనాడూ తోచలేదు. ఏం చూపు ఆమెది!

అందరం మట్టి తొక్కాం. గడి ప్రహరీ రాళ్లే పీకి తెచ్చి బురుజుకు పేర్చాం. అత్త సణుగుతూనే తట్టలు మోసింది.

రజాకార్లు పట్టపగలే వచ్చారు. దుమ్ము లేవడం బురుజు మీదనుంచి ముందే చూసి, అందరం ఎక్కి కూర్చున్నాం. వాళ్లు నేరుగా గడి దగ్గరికే వెళ్లారు. గుర్రం దిగినవాడు తాళం తీశాడు. పగలగొట్టలేదు, తీశాడు. తాళంచెవి దొరే ఇచ్చి పంపాడన్నమాట! మేం ఆ గోడల మధ్య ఉండి ఉంటే? పిల్లను గుండెకు అదుముకున్నాను. అత్త లచ్చవ్వ చెయ్యి పట్టుకుని అలాగే కూలబడింది.

తర్వాత వాళ్లు మావైపు తిరిగారు. లచ్చవ్వ వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలింది. తోడేళ్లను తరిమిన చెయ్యి అది. ఆమె వెనక ఊరంతా రాళ్లు రువ్వింది. పొద్దు గూకకముందే వాళ్లు వెనుదిరిగారు.

పోలీసు యాక్షన్ తర్వాత దొర తిరిగొచ్చి గడికి మళ్లీ సున్నం కొట్టించాడు. ఊళ్లో దాన్ని మళ్లీ గొప్పగా తలెత్తి చూసినవాడు లేడు. లచ్చవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. ఎంత గొప్పదాన్ని చూసినా సరే, అది ఎవరిని కాస్తుందో తెలుసుకోకుండా “మనది” అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

రజాకార్లు వెనుదిరిగిన ఆ సాయంత్రం బురుజు దిగుతుంటే లచ్చవ్వ నా పిల్లను అందుకుని, “ఏ ఊరే బిడ్డా మీది?” అని ముద్దుచేసింది. ఎవరడిగినా మాది హుజూర్‌నగర్ అని పుట్టింటి ఊరే చెప్పుకునే నేను, పిల్ల తరఫున జవాబిచ్చాను.

“గీ ఊరే, అవ్వా.”

ఆ మాట అంటూనే భోరున ఏడ్చేశాను.