హుసేనమ్మ ఇంటికి చోటు

1979లో ఎమ్మిగనూరు శివారున చేనేత కుటుంబాల కోసం మా సంఘం ఒక వరుస ఇళ్ళు కట్టించే పని పెట్టుకుంది. నేను ఆదోనిలో కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఆదివారాలు బస్సెక్కి కమిటీ పనికి పోయేదాన్ని. ఇల్లు లేనివాళ్ళకు తక్కువ ఖర్చులో ఇల్లు కట్టించడం ఆ సంఘం పని. విరాళాలు సంఘం తెస్తుంది, కూలీ పని ఆ కుటుంబాలే చేస్తాయి. స్థలం చూడటం నుంచి తగువులు తీర్చడం దాకా మిగతాదంతా కమిటీ మీద పడుతుంది. కమిటీలో ఎవరికీ జీతం లేదు. ఆఫీసుల్లో గట్టిగా మాట్లాడే మనిషి ఒకరు కావాలని నన్ను చేర్చుకున్నారు. ఆ అర్హత నాకు పుట్టుకతోనే ఉంది.

మా అధ్యక్షుడు కరీంసాబు ఆదోనిలో పత్తి వ్యాపారి. మాట నెమ్మది, పట్టు ఉడుము పట్టు. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది: ఏ ఇంటి గోడ ఆ ఇంటిదే. కామన్ వాల్, అంటే రెండిళ్ళకూ కలిపి ఒకే గోడ, మా ప్లానుల్లో కనబడకూడదు. అలాంటి గోడ గురించే ఆయన సొంత అన్నతో కోర్టుకెక్కాడని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. నేను కూడా. నన్ను ఎరిగినవాళ్ళు దీన్ని నమ్మరు.

లేఅవుట్, అంటే ఏ స్థలం ఎక్కడ, దారి ఎక్కడ అని గీసే పటం, వీధిని పొడుగ్గా, తిన్నగా ఉంచి గీయించాం. నేతవాళ్ళకు వీధి నడవడానికి మాత్రమే కాదు. పడుగు నూలును వీధి పొడవునా కర్రల మీద సాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదరకముందే ఇల్లిల్లూ బయటికొచ్చి చెయ్యి వేస్తేనే ఆ పని అవుతుంది.

తీరా సున్నంతో గీతలు పోసిన రోజు సర్వేయర్ గొలుసు లాగి చూస్తే, చివరి స్థలంలో సగం వంక పోరంబోకులో తేలింది. అది వానలకు పారే వంక తాలూకు సర్కారు భూమి. అక్కడ ఇల్లు కట్టడానికి లేదు. ఆ చివరి స్థలం హుసేనమ్మది.

ఆ వరుసలో మగ్గం లేని మనిషి ఆమె ఒక్కతే. విల్లులాంటి పనిముట్టుతో దూదేకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. అద్దెకున్న కొట్టాన్ని దసరాలోపల ఖాళీ చెయ్యమని యజమాని చెప్పేశాడు. ఈ ఇల్లు వస్తుందన్న ధైర్యంతో ఆమె అందరికంటే ముందే రాళ్ళు మోయడం మొదలుపెట్టింది.

గొడుగుల కిందే కమిటీ కూర్చుంది. కుటుంబాలన్నీ చుట్టూ నిలబడ్డాయి. నేనే ముందు నోరు తెరిచాను.

"వీధి చివర అడ్డంగా కట్టేద్దాం. వీధి కొంచెం తగ్గుతుంది, అంతే కదా. మనిషికి ఇల్లు ముఖ్యమా, వీధి ముఖ్యమా?"

నేతవాళ్ళలో నరసమ్మ అని ఒకామె ఉండేది, హుసేనమ్మ స్థలం పక్కదే ఆమెది, నోటికి నాకు సరిజోడు. కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"ఏం మేడమ్మా, ఈది తగ్గితే పడుగు నీ నెత్తిమీద సాచాల్నా? మాకు కూడు పెట్టేది ఈదమ్మా. ఇల్లు నీడే ఇస్తాది."

"అయితే హుసేనమ్మ ఎక్కడికి పోవాలి?"

"మమ్మల్నడిగితే? తప్పు కొలిసినోళ్ళు మీరు!"

ఈరన్న అనే నేతగాడు అందుకున్నాడు. "ఆయమ్మ దూదేకితే నూగంతా వచ్చి తడి పడుగుకు అంటుకుంటాది. పోతేనే మేలులే."

అది వట్టి దుర్మార్గపు మాట కాదు. గంజి తడి ఆరని నూలుకు దూది నూగు అంటితే పోగుకు పోగు అతుక్కుంటుంది, మగ్గం మీద తెగుతుంది. హుసేనమ్మకూ అది తెలుసు.

"నూగుకు కాళ్ళుంటే కట్టేసుకుందునప్పా" అంది. "నాకుండేది ఈ దూది విల్లొకటే. దాన్నీ వంకలో పారేయమంటారా?"

కరీంసాబు గొంతు సవరించుకుని, "వచ్చే విడతలో మొదటి ఇల్లు ఈమెకే" అన్నాడు.

"ఆ విడత ఎప్పుడు సాబ్?" అని నేను లేచాను. "అందాకా ఈమె పిల్లల్ని మీ పత్తి గోదాములో పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటానమ్మా" అన్నాడు. నిజంగానే పెట్టుకునే మనిషి. ఆయనతో వాదించడంలో ఉన్న ఇబ్బందే అది.

నరసమ్మ మాత్రం సున్నం గీతల వైపే చూస్తోంది. "సాబూ, ఇంటికీ ఇంటికీ నడాన ఈ సందేంటికి?"

"ఎవరి గోడ వారికి ఉండాలమ్మా."

"ఆడొక గోడ, ఈడొక గోడ, నడాన ఎలకలకు బాట. రెండిండ్లకీ ఒకే గోడ పెట్టుకుంటా పోతే ఆయమ్మ ఇంటికి సోటు రాదా?"

ఆ లెక్క కమిటీలో అందరికీ తెలుసు. సాబు ముందు ఎత్తినవాళ్ళు లేరు, అంతే. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"మేకు కొడితే తగువు. చూరు నీళ్ళు పడితే తగువు. మీకు తెలీదమ్మా."

"తగువు రాదని ఎవరన్నారు సాబూ? ఇప్పుడు ఆడ్తాండేది ఏంది మరి? గోడ ల్యాకుండానే ఆడ్తాండాం! రాత్రి జుట్లు పట్టుకున్నోళ్ళమే తెల్లారితే పడుగు ఆ కొసా ఈ కొసా పట్టుకుంటాం. పట్టుకోకుంటే ఇద్దరికీ కూడు లేదు." హుసేనమ్మ వైపు తిరిగింది. "నీ గోడే నా గోడ. పడుగు ఎత్తేదాకా నీ విల్లు సప్పుడు నాకు ఇనపడగూడదు."

"ఎత్తినాకే ఏకుతా. మద్యాన్నం నువ్వు కునుకు తీసేటప్పుడు టంగుమంటే నన్ను తిట్టగూడదు."

"తిడతా. తిట్టకుండా ఎట్లుంటా?"

జనం నవ్వారు. ఒక్కొక్క ఇల్లూ సరేనంది. ఈరన్న ఒక్కడు అడ్డం తిరిగాడు. "నా గోడ నాకు కావాల." సందులన్నీ కలిస్తేనే ఒక ఇంటికి చోటు, ఒక్కడు కాదన్నా పని జరగదు.

అప్పుడు కరీంసాబు లేచి ఈరన్న దగ్గరికి పోయాడు. తన నియమాన్ని నిలబెట్టుకోవడానికి అదే సమయం. ఈరన్న కాదన్నాడని చెప్పి పటం చుట్టేస్తే తప్పుపట్టేవాళ్ళు లేరు.

"నా గోడ నాకు దక్కింది ఈరన్నా" అన్నాడు. "డిక్రీ కాయితం బీరువాలో ఉండాది. దాని అవతల నా అన్న సచ్చిపోయినాడు. ఏడుపు ఆ గోడ గుండానే ఇన్నాను. పోలేదు."

ఈరన్న తల వంచుకుని తన స్థలం పక్కనున్న సున్నం గీతను కాలితో చెరిపేశాడు. "కానీ సాబూ" అన్నాడు.

దసరాకు ముందే హుసేనమ్మ ఆ వరుసలో చేరింది. ఉమ్మడి గోడల ఒప్పందంలో దూదేకే వేళలు కూడా రాయించాలని నేను పట్టుబట్టాను. "మేము బతికుండంగా కాయితమేంటికి?" అని నరసమ్మ వేలిముద్ర వేయనంది.

ఆ తర్వాత ఏడాది ఆ గోడ దగ్గర పెద్ద గొడవవుతోందని కబురొస్తే పరుగున పోయాను. నరసమ్మ గోడకు కొయ్య దిగ్గొడితే అవతల హుసేనమ్మ గూటిలో సామాను కింద పడిందట. ఇద్దరికీ సర్ది చెప్పబోయాను. ఇద్దరూ ఒక్కటై నామీదికే తిరిగారు.

"మా గోడకాడ నీకేం పని మేడమ్మా?" అంది నరసమ్మ.

"ఎండనబడి వచ్చినాది పాపం, మజ్జిగియ్యి" అంది హుసేనమ్మ.

కమిటీల్లో తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. తగువు రాని ఇల్లు కట్టించడానికి మళ్ళీ ఎప్పుడూ ప్రయత్నించలేదు. తగువులాడుకుంటూనే కలిసి ఉండగలిగేవాళ్ళు ఎవరో కనిపెట్టి, వాళ్ళ మధ్య నుంచి తప్పుకోవడమే కమిటీ పని అని ఆ వరుస దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం మజ్జిగ తాగి, బస్సెక్కి ఆదోనికి వచ్చేశాను.