తేదీ వెయ్యని రాజీనామా

ఒక ప్రెసిడెంటు కొడుకు రాజకీయ జీవితం మొదలై ముగిసేదాకా నా చొక్కా జేబులోనే ఉంది. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం ఎక్కువ. పాలవాడు చెంబు బోర్లించి చూపించి, నా కళ్లముందే పితకబోతున్నా అడుగున తడి ఉందేమోనని వేలు పెట్టి చూసేవాణ్ణి. ఇంట్లో నవ్వేవాళ్లు. పెనుకొండలో సర్కారు గుమస్తాగా చేరాక ఈ గుణానికి మర్యాద కూడా దొరికింది. వచ్చిన తపాలు ఆఫీసరు ముందు పెట్టడం నా పని. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు తిప్పి చూస్తానని ఆయన మెచ్చుకునేవాడు.

నా పక్క బల్ల ఆ ప్రెసిడెంటు కొడుకుది. ధర్మవరం దారిలో ఒక పల్లెకు వాళ్ల నాయన ఏళ్ల తరబడి పంచాయతీ ప్రెసిడెంటు. అంతటివాడి కొడుకు మాతోపాటు కూర్చుని అర్జీలు నకలు రాసుకోవడం నాకు మింగుడుపడేది కాదు. టీ ఇప్పిస్తే, ఎందుకు ఇప్పిస్తున్నాడా అని ఆలోచిస్తూ తాగేవాణ్ణి. నేనింకా పర్మనెంటు కాలేదు. వాళ్ల నాయన ఒక మాట అంటే నా ఉద్యోగం ఊడుతుందని భయం. అతనికి మాత్రం ఎవరి మీదా ఏ అనుమానమూ ఉండేది కాదు. బల్ల సొరుగు తాళం నా ముందే పడేసి పోయేవాడు.

అరవైల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. పెద్దాయన ఇక నిలబడనన్నాడు. కొడుక్కి ఆ కుర్చీ మీద మనసైంది. సర్కారు జీతం తీసుకునేవాడు పోటీ చెయ్యాలంటే నామినేషనుకు ముందే రాజీనామా ఇవ్వాలి. కొడుకు ఉద్యోగం వదలడం పెద్దాయనకు సుతరామూ ఇష్టం లేదు.

ఒక శుక్రవారం అతను సెలవు పెట్టి ఊరికి పోతూ నా చేతిలో కవరు పెట్టాడు.

"రాజీనామా అబ్బా ఇది. సంతకం చేసినా. తేదీ వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

"మా అవ్వ పంచాంగం చూపిస్తాండాది. చేతిలో ఉండే ఉద్యోగం చెడ్డరోజు వదలద్దంటాది. మంచిరోజు చూసి బస్సు కండక్టరుతో చెప్పి పంపిస్తా. ఆ తేదీ నువ్వే వేసి ఆఫీసరుకు ఇయ్యి."

అతను బస్సెక్కగానే నాకు లోపల పురుగు తొలవడం మొదలైంది. సంతకం అతనిది, తేదీ నా చేతిరాత. గెలిస్తే సరే. ఓడిపోతే? 'ఊరికే రాసి పెట్టుకున్న కాగితానికి వీడు తేదీ వేసి నా ఉద్యోగం తీయించాడు' అని అతనంటే నా గతేమిటి? ప్రెసిడెంటు కొడుకు మాట కాదని నా మాట నమ్మేదెవరు?

ఆదివారం రైలెక్కి హిందూపురం పోయి, వకీలు దగ్గర పనిచేసే మా మేనమామకు కవరు చూపించాను.

"దీంట్లో ఏముండాదిరా? దుడ్లు తీసుకోలే, దొంగ సంతకం పెట్టలే. ఇచ్చేసి పో" అన్నాడాయన.

అంత తేలిగ్గా అన్నాడంటే ఆయనకు విషయం అర్థం కాలేదనుకున్నాను.

మంగళవారం కండక్టరు ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి, "ఈ పొద్దే మంచిదంట సామీ, ఇచ్చేయమన్నాడు" అని చెప్పి పోయాడు. కలం తీశాను. మళ్లీ మూత పెట్టాను. అతనే వస్తే అతని ఎదురుగానే ఇద్దాంలే అనుకున్నాను. అతను రాలేదు. నేను ఇచ్చేశాననే నమ్మకంతో పల్లెలో నామినేషను వేశాడు.

నామినేషన్ల పరిశీలన నాడు ఎవరో లేచి ఇతను సర్కారు ఉద్యోగి అన్నారట. రాజీనామా ఇచ్చానని అతను గట్టిగా చెప్పాడట. ఎన్నికల అధికారి మా ఆఫీసుకు మనిషిని పంపాడు. ఆఫీసరు నన్ను పిలిచి, అలాంటి కాగితం వచ్చిందా అని అడిగాడు. కవరు నా జేబులోనే ఉంది. అప్పుడైనా ఇవ్వచ్చు. ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పను?

"రాలేదండీ" అన్నాను.

ఆయన అదే మాట రాసి సంతకం చేసి పంపాడు. నామినేషను చెల్లకుండా పోయింది.

సోమవారం అతను వచ్చి తన బల్ల ముందే కూర్చున్నాడు. రాజీనామా అందలేదు కాబట్టి ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

"నువ్వు ఇచ్చినావు గదబ్బా?"

"ఇచ్చినా."

"ఆఫీసరు చేతికే?"

"చేతికే."

"అయితే మా నాయన పనే ఇది. ఆఫీసరు మా ఇంట్లో సంగటి తిన్నోడే గదా. ఇద్దరూ కలిసి నా కాగితం మాయం చేసినారు."

నా గుండె మీద బరువు దిగినట్టయింది. ఆ క్షణాన నిజంగా సంతోషపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పది రోజులకు పెద్దాయనే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, మావాడు నాతో మాట్లాడ్డం ల్యా. ఉద్యోగం వదలద్దన్న మాట నిజమే గానీ నేను అడ్డం పడలేదు. ఆ కాగితం ఎవరికిచ్చినావప్పా?"

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఇదేదో నన్ను పరీక్షించడానికి ఆడుతున్న నాటకమే అనుకున్నాను.

"ఆఫీసరుగారికే ఇచ్చినా పెద్దాయనా" అన్నాను. ఆయన చేతులెత్తి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లకు నాకు ధర్మవరం బదిలీ అయింది. ఒకనాడు చీరలు కొనడానికి వచ్చి, అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పెద్దాయన కొద్ది నెలల కిందటే పోయాడట.

"ఆఖరికి తులసినీళ్లు పోసినా గానీ నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలే. 'నేను కాదురా' అంటానే పోయినాడు" అన్నాడు. "ఆఫీసులో నాకు అన్యాయం చెయ్యనోడివి నువ్వొక్కడివేబ్బా."

పక్క గదిలో ట్రంకుపెట్టె ఉంది. అడుగున ఆ కవరు ఉంది. ఎన్నోసార్లు చింపెయ్యబోయాను. చింపిన ముక్కలు ఎవరి చేతిలోనైనా పడతాయేమోనని దానికీ అనుమానమే.

"ఒకటడుగుతా చెప్పు. కాగితం చేతికిస్తే ఆఫీసరు ఏమన్నాడు?"

నిజం గొంతుదాకా వచ్చింది. ఇప్పుడది వింటే ఈ కొడుకు తట్టుకోలేడని నాకు నేను చెప్పుకున్నాను. నా పిరికితనానికి అదొక సాకు.

"ఏమీ అనలే. తల ఎత్తకుండా తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు" అన్నాను.

అతను నెమ్మదిగా తల ఊపాడు.

"అట్లే అనుకున్నా" అన్నాడు.