సీటు బెల్టులో ఒండ్రుమట్టి

మా ఆవిడకు జైనూర్ బడికి బదిలీ అయింది. అక్కడికెళ్లే ఘాట్ రోడ్డుకు పనికొస్తుందని ఈ రోజు మంచిర్యాలలో ఒక పాత ఎస్‌యూవీ చూశాను. ఇంజిన్ బాగుంది, పొగ లేదు. సీటు బెల్టు చివరిదాకా లాగితే మాత్రం ఎండిన ఒండ్రుమట్టి రాలింది.

"అన్నా, గిది వరదల మునిగిందా?" అని అడిగాను.

"ఒక్క చుక్క తాకలే," అన్నాడు ఓనర్.

చాయ్ తెచ్చిన వాళ్ల అమ్మ ఊరుకోలేదు. "గట్లెట్లంటవ్‌రా? గోదారి ఇంట్లకొచ్చిననాడు గీ బండి మీదెక్కే గదా పాణాలు దక్కించుకున్నం!"

మునిగిన బండి నాకొద్దని చెప్పాను.

"మంచిగైంది బిడ్డా. దీన్ని అమ్ముడు నాకిష్టమే లేదు," అంటూ ఆమె నా గ్లాసులో ఇంకాస్త చాయ్ పోసింది.

పాత బండి కొనేముందు ఓనర్ వాళ్ల అమ్మతో మాట్లాడాలని తెలిసింది. ఇంకేం చూడాలో మీరు చెప్పండి.