తొమ్మిది నెలల పాప, ఆరు కిలోల లోపు

2013లో శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో నాకు పసిపిల్లల సామాన్ల షాపు ఉండేది. ఉయ్యాలలు, డైపర్లు బాగా పోయేవి. పిల్లల కారు సీట్లు మాత్రం ఎప్పుడో ఒకటి అమ్ముడయ్యేది. తల్లి ఒడి ఉండగా వేరే సీటెందుకని చాలామంది అనుకునేవారు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మల్లేశ్, అతని భార్య సుజాత పాపను ఎత్తుకుని వచ్చారు. వాళ్లది కొత్వాల్‌గూడ. అతను ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. పాప నుదుటి మీద బొప్పి కట్టి ఉంది.

"నిన్న కుక్క అడ్డమొస్తే బ్రేకు కొట్టిన అక్కా. పిల్ల దీని ఒళ్లోంచి జారి డాష్‌బోర్డుకు తాకింది. ఇగ ఒళ్లో కూసోబెట్టేది లేదు. గా పెద్ద సీటు ఇయ్యి," అన్నాడు మల్లేశ్.

అతను చూపించింది ఫార్వర్డ్ ఫేసింగ్ సీటు. పిల్లలు మనలాగే ముందుకు చూస్తూ కూర్చుంటారు. కనీసం తొమ్మిది కిలోలుండాలి. తక్కువుంటే రేర్ ఫేసింగ్ వాడాలి. అందులో పాప ముఖం కారు వెనక్కి ఉంటుంది, బ్రేకు పడినప్పుడు మెడ మీద భారం పడకుండా సీటు కాస్తుంది.

"పాప బరువెంతండీ?" అని అడిగాను.

"తొమ్మిది నెలలు నిండినయ్. తొమ్మిది కిలోలు ఉండదా?" అన్నాడు.

షాపులో అమ్మకానికున్న తూకం మిషన్ మీద పాపను పడుకోబెట్టాను. ఐదు కిలోల తొమ్మిది వందలు. మిషన్ తప్పేమోనని ఎత్తి మళ్లీ పెట్టాను. అంతే చూపించింది.

టీకాల కార్డు అడిగితే సుజాత సంచిలోంచి తీసింది. ఆరో నెలలో ఆరు కిలోల వంద. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ.

"మా అత్త నా పాలల్ల సత్తువ లేదంటది అక్కా. మళ్ల తక్కువొస్తే ఏమంటరోనని తూకం ఏయించుడే బంద్ చేసిన," అంది.

మల్లేశ్ ఆమె వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గూడ గట్లనే అంటవనుకున్న."

అతను పాపను తనే ఎత్తుకున్నాడు.

నేను డాక్టర్ను కాను. అయినా ఎదిగే పిల్ల బరువు తగ్గకూడదని తెలుసు. "తప్పు పాలదని మీరే తేల్చుకోకండి. ఇటునుంచి ఇటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ బొప్పి కూడా చూపించండి," అన్నాను. రేర్ ఫేసింగ్ సీటును వాళ్ల కారు వెనక సీట్లో బిగించి, పాప భుజాలకు పట్టీలు సరిచేసి పంపించాను.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. "మూత్రంల ఇన్ఫెక్షన్ అట అక్కా. జరం గూడ లేకుండె, ఎట్ల తెలుస్తది?" అన్నాడు మల్లేశ్. వారం రోజులు దవాఖానలో ఉంచి మందులిచ్చారట. వెంట వచ్చిన అత్తగారు పాపను తానే మిషన్ మీద పడుకోబెట్టి, ఎంతుందో చదవమని కోడలిని అడిగింది. ఏడు కిలోలు దాటిందని సుజాత చదివి చెప్పింది. పెద్దావిడ కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

అప్పటివరకు సీటు కొలత కోసమే బరువు అడిగేదాన్ని. చెప్పడానికి భయపడే తల్లులుంటారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ తల్లినైనా పక్కకు పిలిచి, నెమ్మదిగా అడిగేదాన్ని.