మండని చుక్కలు

చుక్కలక్క పోయిందని మొన్న మంగళవారం నాకు ఫోన్ వచ్చింది. నరసరావుపేటలో ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపు యజమాని చేశారు. అప్పుడు నేను మా బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే చోట నిలబడి ఉన్నాను. "ఆదివారం గుండెనొప్పి వచ్చిందమ్మా. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నిన్న ముప్పాళ్ళలో చెల్లెలి వాళ్ళు దహనం కూడా చేశారు. ఆమె ఫోన్లో మీ నంబరు కనబడితే చెబుదామని," అన్నారు. సరేనండి అన్నాను. పక్కనున్న టీచరు ఎవరు పోయారని అడిగితే మావాళ్ళే అన్నాను. ఏమవుతారని అడిగితే చెప్పలేకపోయాను.

ఆమె నాకు బంధువు కాదు. పదిహేనేళ్ళ కిందట, కొన్ని నెలలపాటు, నా కళ్ళు చూడడానికి వారం వారం మా ఊరు వచ్చిపోయిన మనిషి. నకరికల్లు దగ్గర మా ఊళ్ళో మా వీధంతా ఆమెను చుక్కలక్క అనే పిలిచేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎండలు ముదిరితే చాలు, నా కళ్ళు ఎర్రబడి వాచేవి. రెప్పల లోపల ఇసుక పోసినట్టు ఉండేది. తెల్లటి పుసి తీగలా సాగేది. పొద్దున్నే కళ్ళు తెరవాలంటే అమ్మ గోరువెచ్చని నీళ్ళతో తడిపి రెప్పలు విడదీయాలి. బడిలో వెలుతురు చూడలేక, పలక మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ మొదలు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే. "కళ్ళే సరిగా లేకపోతే సదువెందుకే దీనికి, మానిపిద్దాం," అని నాన్న అంటుంటే విన్నాను. ఆ మాట కంటి మంటకన్నా ఎక్కువగా భయపెట్టింది.

పక్కింటి పిన్ని కూతురికీ ఇదే జబ్బు. అమ్మా పిన్నీ మిరప కోతలకు కలిసి వెళ్ళేవాళ్ళు, మమ్మల్ని కూడా కలిసే పెద్ద కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళారు. ఇది ఎలర్జీ అనీ, చాలా తీవ్రంగా ఉందనీ, షాపు చుక్కలు ఏళ్ళ తరబడి వాడితే కంటికే ప్రమాదమనీ డాక్టరు చెప్పారు. ఇలాంటి పిల్లల కోసమే ఒక కొత్త చుక్కల మందును అక్కడ పరీక్షిస్తున్నారు. ఇళ్ళకు వెళ్ళి పిల్లల్ని చూసే పని చుక్కలక్కది.

మొదటిరోజు మా అరుగు మీద కూర్చుని ఆమె చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. "వదినా, కొంతమంది పిల్లల సీసాలో కొత్త మందుంటది. కొంతమంది సీసాలో ఉండదు, ఊరికే కంటిని తడిపే చుక్కలుంటయ్. పైకి రెండూ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో నాకు తెలవదు, డాక్టరుగారికీ తెలవదు."

"ఏందమ్మాయ్, మీకే తెలవకుండా పిల్లల కళ్ళల్లో ఎట్టా పోస్తారు?" అంది అమ్మ.

"ఈ మందు పనిచేస్తదో లేదో తెలుసుకోవడానికే వదినా. ఇష్టం లేకపోతే వద్దను. మధ్యలో మానేసినా నిన్ను ఎవరూ ఏమీ అనరు. కన్ను బాగా ఎక్కువైతే అదంతా పక్కనపెట్టి వైద్యం చేస్తారు."

తర్వాత నా వైపు తిరిగి, "నీకిష్టమేనా?" అంది. అప్పటిదాకా నా ఇష్టం ఎవరూ అడగలేదు. తల ఊపాను. అమ్మ వేలిముద్ర వేసింది.

ఆమె చేతిసంచీలో చిన్న సబ్బుపెట్టె ఉండేది. చేతులు కడుక్కుని, రెండు వైపులా తిప్పి నాకు చూపించి, అప్పుడు ముట్టుకునేది. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కమని, అరవై దాకా అంకెలు చెప్పించేది. నేను గబగబా చెబితే, "రైలేమన్నా తప్పిపోద్దా?" అనేది. అమ్మకు చదువు రాదని, రోజువారీ పుస్తకంలో రోజుకు నాలుగు పూటలకు నాలుగు పొద్దు బొమ్మలు వేసి, చుక్కలు వేసినప్పుడల్లా ఒక గీత పెట్టమంది. ఒకసారి మర్చిపోతే అమ్మ ఆ పూట గీత కూడా పెట్టేసింది. అక్క ఎలా కనిపెట్టిందో గానీ, "వెయ్యకపోతే ఖాళీగా ఉంచు వదినా. ఖాళీ కూడా నాకు పనికొస్తది," అంది. నేనిప్పుడు పిల్లల హాజరు వేసేటప్పుడు ఆ మాట అనుకుంటాను. తగ్గుతుందా అక్కా అని ఎన్నిసార్లు అడిగినా, తెలవదే అనేది తప్ప ఉత్తుత్తి ధైర్యం ఒక్కసారి కూడా చెప్పలేదు.

రెండు నెలలకు పిన్ని కూతురు ఎండలో ఆడుకోవడం మొదలుపెట్టింది. నా కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ పిల్ల సీసాలోని చుక్కలు వేస్తే మండేవి, నావి చల్లగా ఉండేవి. అమ్మకూ పిన్నికీ అది చాలు.

"మండితేనే మందు. మన పిల్లకి నీళ్ళు పోస్తన్నారు," అని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఏడవమాక అక్కా. నా పిల్ల తేరుకుందిగా. రెండు పూటలు నా పిల్ల సీసా నీ పిల్లకి వెయ్యి, రెండు పూటలు నీ సీసా నేను వేస్తా. ఇద్దరికీ సగం సగం," అంది పిన్ని.

పిన్ని తన బిడ్డ మందులో సగం తీసి ఇచ్చింది. అలా ఇచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు? "చుక్కలక్కతో చెప్పారో, వీపులు పగులుతయ్," అని ఇద్దరూ మమ్మల్ని బెదిరించారు. పుస్తకంలో గీతలు మాత్రం ఒక్కటీ తప్పకుండా పెట్టారు.

మూడు వారాలు గడిచాయి. నా కుడికన్ను అసలు తెరుచుకోవడం మానేసింది. ఆ వారం అక్క బడికే వచ్చింది. వరండాలో నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి చూసి, "చుక్కలు సరిగ్గా వేస్తన్నారా?" అని అడిగింది. వచ్చినప్పుడల్లా అడిగే మాటే. నాకు గుడ్డిదాన్నవుతానేమోనని భయం పట్టుకుంది. చెప్పేశాను. రెండు పూటలు నాది, రెండు పూటలు దానిదని. చెప్పి ఏడ్చాను.

ఆమె టార్చి ఆర్పేసింది.

"ఇది నేను రాయాలే. రాయకపోతే రేపు ఇంకెవరి పిల్లలకో తప్పు మందు చెప్పినట్టయిద్ది," అంది. తర్వాత, "నువ్వు చెప్పినట్టు ఎవరికీ తెలవదు. నువ్వు కూడా చెప్పమాక," అంది.

మరునాడే ఆస్పత్రికి రమ్మని అమ్మకు కబురుచేసింది. నల్లగుడ్డు మీద పుండు పడిందనీ, ఇంకో వారం ఆగి ఉంటే మచ్చ చూపుకు అడ్డంపడేదనీ డాక్టరు అన్నారు. పుండు మీద పేరుకున్న పొర గీకి తీసి, వేరే వైద్యం మొదలుపెట్టారు. సీసాలు కలిపేశారు కాబట్టి ఇద్దరినీ ఆ పరీక్ష నుంచి తప్పించారు. డాక్టరు కోప్పడలేదు. కానీ వరండా నిండా జనం ఉండగా అమ్మా పిన్నీ తలవంచుకుని సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండు రోజులకు అక్క మా వీధికి వచ్చింది, మిగిలిన సీసాలు తీసుకోవడానికి.

"దొంగల్లాగా నిలబెట్టావు గదమ్మాయ్ అంతమందిలో!" అంది అమ్మ.

"నా బిడ్డ మందు నేను పంచితే నీకేం పోయింది?" పిన్ని గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఇప్పుడు దానికి మొత్తానికే లేకుండా చేశావు. నీకు పిల్లలుంటే తెలిసేది. ఎవరు చెప్పారు నీకు? పిల్లల్ని అడిగి లాగావా?"

నేను అమ్మ వెనక, కంటికి కట్టుతో నిలబడి ఉన్నాను. అక్క నా వైపు చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని చూడలేదని చాలా ఏళ్ళకు అర్థమైంది.

"పిల్లలేం చెప్పలా. సీసాల్లో మందు తగ్గిన తీరు చూస్తే తెలిసిపోయింది," అంది.

వెయ్యని చుక్కకు గీత పెట్టనివ్వని మనిషి. నాకు తెలిసి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

"మళ్ళీ మా గడప తొక్కమాక," అంది అమ్మ. ఆమె సీసాలు సంచీలో వేసుకుని, బస్సు వచ్చేదాకా రోడ్డు మీద ఒక్కతే నిలబడింది. ఆ తర్వాత మా వీధికి రాలేదు. నా కన్ను నిలిచింది. పిన్ని కూతురు మాత్రం మామూలు వైద్యంతో ఇంకో రెండు ఎండాకాలాలు ఇబ్బందిపడింది. ఆ రెండేళ్ళూ నేను దాని పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపించాను. పెద్దవుతుంటే ఇద్దరికీ జబ్బు దానంతటదే పోయింది. అమ్మా పిన్నీ మాత్రం చుక్కలక్కను తిట్టుకుంటూ మరింత దగ్గరయ్యారు.

డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు నరసరావుపేటలో కళ్ళజోళ్ళ షాపులో ఆమె కనబడింది. పలకరించబోతే, ముందు నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. అప్పటినుంచి అప్పుడప్పుడు ఆమె గదికి వెళ్ళేదాన్ని. ఒక్క మంచం, ఒక్క కుర్చీ. నేను వెళితే ఆమె మంచం మీద కూర్చునేది. పెళ్ళి సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒకసారి అడిగాను, "నా సీసాలో ఏముంది అక్కా? తర్వాతయినా తెలిసిందా?"

"తెలవదు. ఎవరి సీసాలో ఏముందో చివర్లో బయటపెట్టినప్పుడు అడిగితే చెప్పేవాళ్ళే. అడగలా." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "నీ కన్ను అట్టా అవుతుంటే నా చేత్తో ఏం వేశానో తెలుసుకోవాలంటే భయమేసింది."

అమ్మకు నిజం చెబుతానని అన్నాను. "వద్దులే. మీ అమ్మా పిన్నీ బాగున్నారుగా. నేను ఎటూ వాళ్ళ వీధికి పోయేదాన్ని కాదు," అంది. ఆ మాట పట్టుకుని నేను ఆగిపోయాను. ఆగడం నాకు సుళువు కాబట్టి ఆగాను. ఆమె బతికి ఉండగా ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. మంగళవారం నుంచి నాకొక్కదానికే తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం ఊరెళ్ళాను. అమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"చుక్కలక్క పోయిందమ్మా."

"ఎవరూ... ఆ సీసాలామేనా? పాపం." చేతులు ఆగలేదు. "అయినా ఆ రోజు మమ్మల్ని ఎంత అవమానం చేసింది!"

"సీసాలు చూసి కాదమ్మా. నేనే చెప్పాను. కన్ను పోద్దని భయమేసి చెప్పాను. నన్నేమన్నా అంటారని ఆమె అట్టా చెప్పింది."

అమ్మ చాలాసేపు నా కుడికంటినే చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఆమెకి ఎవరున్నారే?"

"చెల్లెలుంది. పిల్లల్లేరు."

"పిల్లల్లేరనేగా ఆ రోజు మీ పిన్ని అంత మాటంది," అంది అమ్మ మెల్లగా. తర్వాత లేచి, చీర దులుపుకుని, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"మీ పిన్నికి తెలవద్దా?"

పక్కిల్లే, పది అడుగులు. పిన్ని లోపల టీవీ చూస్తూ గట్టిగా నవ్వుతోంది. అమ్మ గేటు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా, పిలవకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో అలాగే నిలబడిపోయింది.