సువార్తమ్మక్క స్టేషన్ వ్యాగన్

ఎండలో నిలబెట్టిన బండి తలుపు తీయగానే వేడెక్కిన రెక్సిను వాసన గుప్పున ముఖానికి కొడుతుంది. కాకినాడలో మా సంఘం వ్యాను తలుపు ఆదివారం ఉదయం తీసేది నేనే. ఆ వాసన తగిలినప్పుడల్లా బహ్రెయిన్ గుర్తుకొస్తుంది. దానికంటే ముందు సువార్తమ్మక్క గుర్తుకొస్తుంది.

తొంభైల్లో నేను బుసైతీన్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. అక్కది రాజోలు దగ్గర పల్లె. అవాలిలో ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో వంట చేసేది. మా తెలుగువాళ్ళ ఆరాధన శుక్రవారం ఉదయం మనామాలో ఒక అద్దె హాల్లో జరిగేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నా చేతులు చూసి, "ఏరా తమ్ముడూ, ప్రభువు దగ్గరికొచ్చేటప్పుడైనా గోళ్ళు కడుక్కోవా?" అని గదిమి, ఆరాధన అయ్యాక తన క్యారేజీలోంచి పులిహోర పెట్టింది. వాక్యం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. దాన్ని పట్టుకుని ఎక్కడికి నడవాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఇంజనీరు కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతూ, ఇంట్లో ఏది కావాలో కోరుకోమని అక్కని అడిగింది. ఫ్రిజ్జు ఉంది, కుట్టుమిషను ఉంది. అక్క పెరట్లో ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయిన పాత అమెరికా స్టేషన్ వ్యాగన్ వైపు చెయ్యి చూపించింది. "నీకు నడపడం రాదు కదా?" అంది దొరసాని. "నాకు తమ్ముడున్నాడు" అందట అక్క. ఆ సంగతి నాకు తెలిసింది బండి మా గ్యారేజీ ముందుకొచ్చి ఆగాకే. దాన్ని ఒక లారీ తాడు కట్టి లాక్కొచ్చింది. లారీలో డ్రైవరు పక్కన అక్క, ఒళ్ళో తాళంచెవి.

మా గ్యారేజీలో రంగులేసే రహీం భాయ్‌ది నిజామాబాద్. ఆయన బండి చుట్టూ ఒక రౌండు తిరిగొచ్చి, "గిది కారా అక్కా, ఓడనా? సముద్రంల ఇడువు, గదే పోతది" అన్నాడు.

"సముద్రంలోకి కాదు భాయ్, రిఫాకి పోవాలి" అంది అక్క.

రిఫా ఇళ్ళలో పనిచేసే మన ఆడపిల్లలు నెలల తరబడి ఆరాధనకి రాలేకపోతున్నారు. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుని ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. టాక్సీలో పంపడానికి మేడమ్‌లు ఒప్పుకోరు. తెలిసిన ఆడమనిషి సొంత బండిలో గుమ్మం దాకా వచ్చి తీసుకెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకి దింపితే సరేనన్నారు. అక్క వాళ్ళకి మాటిచ్చేసింది, కొత్త సంవత్సరం మొదటి శుక్రవారం బల్లకి తీసుకెళ్తానని. బండిని మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన గ్యారేజీ యజమాని, తన పేరు మీదకి మార్పించుకోవడానికి ఒప్పుకున్నాడు. మిగిలింది నా చేతుల్లో ఉంది.

డ్యూటీ అయ్యాక రోజూ దాని మీదే పడ్డాను. పెట్రోలు ట్యాంకులోంచి తుప్పు గుప్పెళ్ళతో తీశాను. బ్రేకులు, గొట్టాలు, వైర్లు అన్నీ మార్చాను. పక్కల మీద చెక్కలా కనిపించే పట్టీకి రహీం భాయ్ మళ్ళీ చెక్క రంగు తెప్పించాడు. లోపల పైకప్పు గుడ్డ వేలాడుతుంటే అక్క ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ లాంటిదే తెచ్చి, సీట్ల మధ్య వెల్లకిలా పడుకుని కుట్టింది. అన్నిటికంటే వెనకున్న సీటు వెనక్కి, దాటొచ్చిన రోడ్డు వైపుకి తిరిగి ఉంటుంది. "ఇదేంట్రా, అలిగి కూర్చునేవాళ్ళకా?" అని నవ్వింది. ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు సంఘంలోని అన్నదమ్ములందరం గ్యారేజీలోనే మోకాళ్ళూని స్తోత్రం చెప్పాం.

ఆ ఉత్సాహంలోనే మా ఊళ్ళో పడవలకీ ఆటోలకీ రాయించినట్టు, వెనక తలుపు నిండా ఒక వాక్యం తెలుగులో ఎర్రరంగుతో రాయించాం. అక్షరాలు బెత్తెడేసి ఉన్నాయి. బుధవారం బండిని తనిఖీకి తీసుకెళ్తే ఇంజను చూశారు, బ్రేకులు చూశారు, తలలూపారు. బండి వెనక వైపుకి వచ్చిన అధికారి మాత్రం ఆగిపోయాడు. "ఈ రాత తీసేసి రా. ఖలాస్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బండిని గ్యారేజీకి తిరిగి తెచ్చి, "అక్కా, ఇది విశ్వాసానికి పరీక్ష. చెరపను. ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దాం" అన్నాను.

"గిదేం పరీక్ష భాయ్?" అన్నాడు రహీం భాయ్. "మొన్న మా దోస్తు కారు మీద దువా రాపిచ్చిండు. గది గూడ తీపిచ్చిన్రు. అందరికి ఒకటే రూలు."

అక్క మాత్రం నన్నే చూస్తూ, "ఈ బండి చేసింది అక్షరాలు మొయ్యడానికా, మనుషుల్ని మొయ్యడానికా?" అంది. "ఎల్లుండి పొద్దున్నే రిఫాలో పిల్లలు తెల్లచీరలు కట్టుకుని గుమ్మాల్లో కూర్చుంటారు. వాళ్ళకి నీ ఎర్రరంగు చూపిస్తావేంట్రా? మనం తీసుకెళ్ళేది వాళ్ళని. చదవగలిగేవాళ్ళు వాళ్ళనే చదువుకుంటారు." అంటూనే సంచీలోంచి గిన్నెలు తోమే పీచు తీసి, థిన్నరులో ముంచి, మొదటి అక్షరాన్ని తనే రుద్దడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కతే రుద్దుతుంటే చూస్తూ నిలబడలేకపోయాను. రెండో అక్షరం నేను తీసుకున్నాను.

గురువారం ఉదయం బండి పాసైంది.

శుక్రవారం ఉదయం బండి నేనే నడిపాను. రిఫాలో ఒక్కో గేటు ముందు అక్క దిగి, మేడమ్‌కి సలాం చెప్పి, పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. అందరికంటే చిన్నది కాంతం. అది పరిగెత్తుకెళ్ళి వెనక్కి తిరిగున్న ఆ చివరి సీట్లో కూర్చుంది. బండి కదలగానే, "అక్కా! ఆ ఇల్లు చిన్నదైపోతోంది!" అని కేక పెట్టింది. బండంతా నవ్వులు. ఆ నవ్వుల్లోంచే ఎవరో కీర్తన అందుకున్నారు. హాల్లోకి తెల్లచీరల వరస నడిచి వస్తుంటే మా పాస్టరుగారు మాట ఆపి లేచి నిలబడ్డారు. రొట్టె విరిచి ముందుగా ఆ వరసకే అందించారు.

ఆరాధన అయ్యాక ఇంకా టైముంది. "దాసూ, అవాలి మీదుగా తిప్పరా. ఇది పుట్టింటిని ఒకసారి చూసుకోవాలి" అంది అక్క నాతో, బండి డ్యాష్‌బోర్డు నిమురుతూ. పాత ఇంటి ముందు హారన్ కొట్టించి, చమురు బావులు దాటించి, ఎడారిలోకి పోనిచ్చింది. దారి తిన్నగా ఉంది. అద్దాలన్నీ దించేసి, ఇసుకగాలిలో కొంగులు ఎగురుతుంటే గొంతెత్తి పాడుకుంటూ వెళ్ళాం. బైబిల్లో ఎడారి దారిన పోయే రథంలోకి ఎక్కి వాక్యం చెప్పిన శిష్యుడి సంగతి నేనెన్నిసార్లు విన్నానో. ఆ రథంలో గాలి ఎలా ఉండేదో ఆ రోజే తెలిసింది. భోజనం వేళకి ముందే అందరినీ గుమ్మాల్లో దింపాం. చివరి గేటు దగ్గర ఒక మేడమ్ బయటికొచ్చి బండిని పైనుంచి కిందికి చూసి, "వచ్చే శుక్రవారం కూడా తీసుకెళ్ళండి" అంది. నేనక్కడున్నన్నాళ్ళూ ఆ బండి ఏ శుక్రవారమూ ఆగలేదు.

అక్క ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉంది. మా సంఘం వ్యాను తెల్లగా ఉంటుంది, ఎక్కడా ఒక్క అక్షరం లేదు. "బ్రదర్, ఇక్కడ అడ్డుచెప్పేవాళ్ళు లేరు కదండీ, ఒక్క వాక్యమైనా రాయిద్దాం" అని కుర్రాళ్ళు అడుగుతూనే ఉంటారు. నేను వాళ్ళని మందిరం ముందు నిలబెట్టి తలుపు లాగుతాను. కర్ర సాయంతో ముసలమ్మ దిగుతుంది. చంటిబిడ్డతో తల్లి దిగుతుంది. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగుతారు.

"చదువుకోండి" అంటాను.